ఓమ్ నియమం లెక్కలు వస్తాయి, బల్బు ప్రశ్న రాదు: విషయావగాహనను పరీక్షించేదెలా?

పీఎస్_హైస్కూలు

అందరికీ నమస్కారం. 10వ తరగతి తెలుగు మీడియం, సెక్షన్‌లో 52 మంది. విద్యుత్ పాఠం అయ్యాక స్లిప్ టెస్ట్ పెడితే లెక్కల వరకు ఇబ్బంది లేదు. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం 2 ఓమ్‌లని చాలామంది ఠక్కున రాసేస్తున్నారు. అదే పిల్లల్ని "వెలుగుతున్న బల్బుకు సమాంతరంగా అలాంటిదే ఇంకొకటి కలిపితే మొదటి బల్బు వెలుగు ఏమవుతుంది?" అని నోటితో అడిగితే "సగమైపోతుంది సార్" అంటున్నారు. సూత్రంలో అంకెలు వేయడం వచ్చింది గానీ వలయంలో ఏం జరుగుతోందో తెలియలేదు.

విద్యా ప్రమాణాల్లో మొదటిదే విషయావగాహన. కానీ ప్రశ్నపత్రంలో ఆ పద్దు కింద కనిపించేవి నిర్వచించండి, భేదాలు రాయండి, కారణాలు తెలపండి. జవాబులన్నీ గైడులో ఉంటాయి కాబట్టి అర్థం కాకపోయినా పూర్తి మార్కులు వచ్చేస్తాయి.

అర్థమైందో లేదో పట్టిచ్చే ప్రశ్న ఎలా రాయాలి? 45 నిమిషాల పీరియడ్‌లో అంతమందికి ఎలా పెట్టాలి? దిద్దడానికి రెండు రోజులు పట్టకూడదు. క్లిక్కర్లు (బటన్ నొక్కి జవాబిచ్చే పరికరాలు), ట్యాబ్‌లు ఏమీ లేవు.

శ్రేణి_సమాంతరం

మీరు నోటితో అడిగిన ప్రశ్నే సరైన దారిలో ఉంది సార్. దాన్ని కాస్త పెద్దది చేస్తే తరగతి ఆలోచన మొత్తం కాగితం మీదికి వస్తుంది.

బోర్డు మీద మూడు వలయాలు గీయండి. మూడింటికీ ఒకే రకం బ్యాటరీ, అంతర్నిరోధం (బ్యాటరీ లోపలి నిరోధం) లేదనుకోమనండి. బల్బులన్నీ ఒకేలాంటివి. మొదటి వలయంలో ఎ ఒక్కటే. రెండోదాంట్లో బి, సి శ్రేణిలో. మూడోదాంట్లో డి, ఇ సమాంతరంగా. ఐదు బల్బులనూ వెలుగును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి, సమానంగా వెలిగే వాటి మధ్య సమాన గుర్తు పెట్టాలి, కింద రెండు వాక్యాల్లో కారణం చెప్పాలి. అంకె ఒక్కటి కూడా ఇవ్వొద్దు. వోల్టులు, ఓమ్‌లు కనిపించాయంటే చెయ్యి సూత్రం మీదికి పోతుంది, వలయం గురించి ఆలోచించడం అక్కడితో ఆగిపోతుంది.

సరైన వరస: ఎ, డి, ఇ మూడూ సమానం, బి, సి వాటికంటే తక్కువ, ఆ రెండూ తమలో సమానం. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో ఉన్న ప్రశ్న ఇది. యూనివర్సిటీ స్థాయి భౌతికశాస్త్రం చదివేవాళ్లలో సుమారు 15 శాతం మందే సరిగ్గా రాశారు. పాఠం ముందు పెట్టినా తర్వాత పెట్టినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి మీ పిల్లల్లో పదిమందికే వస్తే కంగారు పడకండి.

అసలు విలువ తప్పు జవాబుల్లో ఉంది. బి కంటే సి తక్కువ అని రాసినవాడి లెక్క ప్రకారం మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుంది, మిగిలింది రెండోదానికి వెళ్తుంది. బి, సి, డి, ఇ నాలుగూ సమానం, ఎ ఒక్కటే ఎక్కువ అని రాసినవాడి దృష్టిలో బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుంది, దాన్ని బల్బులు పంచుకుంటాయి. మీ పిల్లల "సగమైపోతుంది" ఇదే కోవలోది. ఈ ఇద్దరికీ ఒకే పాఠం మళ్లీ చెప్తే లాభం లేదు. మొదటివాడికి బి ముందు, బి-సి మధ్య, సి తర్వాత అమ్మీటరు పెట్టి మూడు రీడింగులూ ఒకటేనని చూపాలి. రెండోవాడికి బ్యాటరీ పక్కనే అమ్మీటరు ఉంచి, సమాంతర శాఖ కలిపినప్పుడు రీడింగ్ రెట్టింపు దగ్గరికి పెరగడం చూపాలి.

దిద్దేటప్పుడు మార్కులు వేయకండి, కుప్పలు వేయండి. వరసను బట్టి చీటీలను నాలుగు కుప్పలుగా విడదీయడం 20 నిమిషాల పని. తర్వాత సరైన వరస రాసినవాళ్ల కారణాలు మాత్రం తప్పకుండా చదవండి.

ఇంకో సంగతి. ప్రశ్నలో "కరెంటు ఎక్కడ ఎక్కువ?" అని అడగకండి. ఇంట్లో కరెంటు అంటే సరఫరా, వోల్టేజి, యూనిట్లు అన్నీనూ. "ఈ బిందువు దగ్గర అమ్మీటరు పెడితే రీడింగ్ ఎంత మారుతుంది?" అంటే అందరూ ఒకే విషయానికి జవాబిస్తారు.

లోలకం

పైన చెప్పింది చీటీల పద్ధతి, మొదటిసారికి అదే మంచిది. ఏడాది పొడుగునా 52 చీటీలు చదవడం కుదరదు కాబట్టి వాటి నుంచే రెండంచెల ప్రశ్నలు తయారు చేసుకోండి. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో కారణం, రెండింటికీ ఆప్షన్లు ఉంటాయి. రెండూ కుదిరితేనే ఒప్పు.

కారణాల ఆప్షన్లు మనం కుర్చీలో కూర్చుని ఊహించి రాస్తే పనికిరావు. మనం రాసిన తప్పు మనకే నమ్మబుద్ధి కాదు, ఇక పిల్లలు దాన్ని ఎందుకు ఎంచుకుంటారు? ఒక సెక్షన్‌లో "ఎందుకు?" అని ఖాళీ గీత ఇచ్చి రాయించుకుని, ఎక్కువసార్లు వచ్చిన మూడు తప్పు కారణాలను వాళ్ల మాటల్లోనే ఇంకో సెక్షన్‌కు ఆప్షన్లుగా పెట్టండి.

మూడో గీత కూడా చేర్చండి: "గుడ్డిగా పెట్టాను / అనుమానంగా ఉంది / ఖాయం". 1999లో హసన్, బగయోకో, కెల్లీ అనే ముగ్గురు 0 నుంచి 5 వరకు స్కేలుతో ఈ పద్ధతి ప్రతిపాదించారు, బడిలో మూడు మెట్లు చాలు. తప్పు రాసి "గుడ్డిగా" అన్నవాడికి పాఠం అందలేదు, మళ్లీ చెప్తే సరిపోతుంది. తప్పు రాసి "ఖాయం" అన్నవాడి మనసులో వేరే భావన గట్టిగా నాటుకుంది. వాడి చేత ముందు ఊహ చెప్పించి, తర్వాత ప్రయోగం చూపించాలి. ఊహ చెప్పించకుండా ప్రయోగం చూపిస్తే తన భావనకు తగ్గట్టే చూస్తాడు.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నకు 52 మందిలో 13 మంది ఊరికే గుడ్డిగా పెట్టినా ఒప్పు వస్తుంది. 13 మందికి వస్తే ఏమీ తెలియదన్నట్టే. 6 మందికే వస్తే అది తెలియకపోవడం కాదు, ఏదో ఒక తప్పు ఆప్షన్ గట్టిగా లాగుతోందని అర్థం. ఆ ఆప్షన్ ఏదో చూసుకుని పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వీటికి మార్కులు పెట్టకండి. మార్కులున్నాయని తెలిస్తే పిల్లలు తాము అనుకున్నది మానేసి సార్‌కు కావలసింది రాస్తారు, పక్కవాడి కాగితమూ చూస్తారు. రికార్డు కోసం కావాలంటే ప్రతిస్పందనల పద్దు కింద కారణం రాసినందుకు మార్కు ఇవ్వండి, ఒప్పు తప్పులకు కాదు.

పీఎస్_హైస్కూలు

చాలా ఉపయోగపడింది. ఒకటి రాశాను, లోపాలు చెప్పండి.

"ఒక బ్యాటరీకి ఒకేలాంటి రెండు బల్బులు శ్రేణిలో కలిపారు. ఏది ఎక్కువగా వెలుగుతుంది? ఎ) మొదటిది బి) రెండోది సి) రెండూ సమానం డి) ఏదీ కాదు."

లోలకం

నాలుగు లోపాలున్నాయి సార్. "ఒకేలాంటి" అన్న మాటే "సమానం" వైపు తోసేస్తుంది. "మొదటిది" అంటే బ్యాటరీ ధన ధ్రువం వైపుదా, బొమ్మలో ఎడమవైపుదా? కొందరు ఎలక్ట్రాన్ల దిశ తీసుకుని రుణ ధ్రువం నుంచి లెక్కపెడతారు. అప్పుడు ఎ, బి రెండు ఆప్షన్లలోనూ ఒకే తప్పు భావన దాక్కుంటుంది, మీకు విడిగా కనపడదు. "ఏదీ కాదు" ఎవరూ పెట్టరు, అది ఖాళీ ఆప్షన్. అన్నిటికంటే ముఖ్యం, సమాంతరంగా కలిపినా జవాబు "సమానమే". కాబట్టి ఇది శ్రేణి సంధానం అర్థమైనవాణ్ని, కానివాణ్ని విడదీయదు.

ఇలా మార్చి చూడండి. బొమ్మలో ధన ధ్రువం నుంచి వరసగా పి, క్యూ బల్బులు గీసి: "క్యూ తర్వాత, రుణ ధ్రువానికి ముందు, అలాంటిదే ఆర్ బల్బు చేర్చారు. పి వెలుగు ఏమవుతుంది? ఎ) పెరుగుతుంది బి) తగ్గుతుంది సి) మారదు."

కారణాలు: "1) ఆర్, పి తర్వాత ఎక్కడో ఉంది, పి దాకా వచ్చే ప్రవాహం మీద దాని ప్రభావం ఉండదు. 2) బ్యాటరీ అదే కాబట్టి ప్రవాహమూ అంతే. 3) ఉన్న ప్రవాహాన్ని ఇప్పుడు మూడు బల్బులు పంచుకోవాలి. 4) మొత్తం నిరోధం పెరిగింది, వలయమంతటా ప్రవాహం తగ్గింది."

బి, 4 జంట ఒప్పు. సి, 1 జంట పెట్టినవాడు ప్రవాహాన్ని దారి వెంట ఒక్కో చోటుగా చూస్తున్నాడు, వలయాన్ని మొత్తంగా చూడట్లేదు. సి, 2 పెట్టినవాడికి బ్యాటరీ ఇచ్చే ప్రవాహం మారదు. జాగ్రత్తగా చూడాల్సింది బి, 3 జంట. జవాబు ఒప్పు, కారణం తప్పు. ఒకే అంచె ప్రశ్న అయితే వీడికి మార్కు పడిపోయేది. వీడు మీరు మొదట చెప్పిన సమాంతర బల్బు ప్రశ్నలో తప్పకుండా పట్టుబడతాడు. అక్కడా పంచుకోవడమే అనుకుని "తగ్గుతుంది" అంటాడు. అందుకే ఈ రెండు ప్రశ్నలూ ఎప్పుడూ జంటగా పెట్టండి.

ఇంటర్_ఫిజిక్స్

ఇంటర్ ఫస్టియర్ వైపు నుంచి కొంత. ఎంట్రెన్స్ కోచింగ్ పిల్లలకు నాలుగు ఆప్షన్ల ప్రశ్న కొట్టిన పిండి. ఆప్షన్ల నుంచి వెనక్కి లెక్క కట్టేస్తారు. వాళ్ల దగ్గర గీయమనే ప్రశ్నలే పనిచేస్తాయి.

ఒకటి: నాణేన్ని నిట్టనిలువుగా పైకి విసిరారు, గాలి నిరోధం లేదు. పైకి వెళ్తున్నప్పుడు, శిఖరం దగ్గర, కిందికి వస్తున్నప్పుడు నాణెం మీద పనిచేసే బలాలను బాణాలతో గీయాలి. మూడు చోట్లా ఒకటే బాణం, కిందికి, అదే పొడవు. చాలామంది గీసేది వేరు: వెళ్తున్నప్పుడు పైకి పెద్ద బాణం, శిఖరంలో రెండు బాణాలు సమానం, వస్తున్నప్పుడు కింది బాణం పెద్దది. చలనం ఉన్న దిశలో బలం ఉండి తీరాలన్న భావన ఇది. జాన్ క్లెమెంట్ 1982లో ఇంజనీరింగ్ విద్యార్థుల్లోనే దీన్ని చూపించారు. దీన్ని బయటపెట్టడానికి ఒక నిబంధన చాలు. ప్రతి బాణం పక్కన "ఏ వస్తువు, దేని మీద" అని రాయాలి. "భూమి నాణెం మీద" రాయడం సులువు. పై బాణం దగ్గర "చెయ్యి నాణెం మీద" అని రాస్తారు. "ఆ క్షణానికి చెయ్యి నాణేన్ని తాకుతోందా?" అని అడగండి. మన మాట అవసరం లేకుండా చర్చ అక్కడి నుంచి నడుస్తుంది.

రెండు: నున్నటి వాలుతలం మీద బంతిని పైకి దొర్లిస్తే ఆగి వెనక్కి వస్తుంది. వాలు వెంట పైదిశ ధనాత్మకం. వేగం-కాలం గ్రాఫ్ గీయాలి. జవాబు ధనాత్మక విలువ దగ్గర మొదలై, సున్నాను దాటి, రుణాత్మకంలోకి దిగే ఒకే సరళరేఖ. ఏకరీతి త్వరణం సూత్రాలు కంఠతా వచ్చినవాళ్లే మూడు రకాల తప్పులు గీస్తారు. కొందరిది ఇంగ్లిష్ వి ఆకారం, అంటే వేగానికి దిశ వదిలేసి వడి గీశారు. కొందరిది గుట్టలా ఉంటుంది, అంటే వాలుతలం బొమ్మనే గ్రాఫ్ అనుకున్నారు. ఇంకొందరు సున్నా దగ్గర చిన్న అడ్డగీత పెడతారు, అంటే బంతి పైన కాసేపు ఆగిందనీ ఆ క్షణంలో త్వరణం కూడా సున్నా అనీ. మూడో తప్పు చిన్నదిగా కనిపిస్తుంది, దిద్దేవాళ్లు చాలాసార్లు వదిలేస్తారు. త్వరణం అర్థం కాలేదని చెప్పేది ముఖ్యంగా అదే.

న్యూటన్ మూడో నియమం (చర్యకు సమానమైన ప్రతిచర్య) విషయంలో ఒక్క ప్రశ్నతో తేల్చకండి. లారీ-ఆటో ఢీకొన్నప్పుడు బలాలు సమానమని రాసినవాడే, లారీ ఆటోను నెట్టుకుంటూ వేగం పెంచుతోందంటే లారీ బలం ఎక్కువ అంటాడు. బరువు తేడా, చురుగ్గా నెట్టే వస్తువు, వేగం పెరగడం: ఈ మూడు సందర్భాలూ విడివిడిగా అడిగి, మూడూ ఒప్పయితేనే నియమం వచ్చినట్టు లెక్కేయండి.

కార్డులు_ఏబీసీడీ

పీరియడ్ సమస్యకు జవాబు కార్డులు. ఒక్కో పిల్లకు నాలుగు కాగితం ముక్కలు, ఎ బి సి డి, నాలుగు రంగులు. ప్రశ్న బోర్డు మీద పెట్టి ఒకటిన్నర నిమిషం మౌనం. మీరు "చూపండి" అనగానే అందరూ ఒకేసారి, గుండె ఎత్తులో, రంగు మీ వైపు ఉండేలా పట్టుకోవాలి. తల పైకెత్తి పట్టుకుంటే వెనక బెంచీ వాళ్లు ముందువాళ్ల జవాబు చూసి మార్చుకుంటారు. కార్డు వెనకవైపు తెల్లగానే ఉండాలి.

ఓటు, పక్కవాళ్లతో చర్చ, మళ్లీ ఓటు: హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. మొదటి ఓటులో ఒప్పు 30 శాతం లోపు ఉంటే చర్చ పెట్టకండి, తప్పే బలపడుతుంది, భావన మళ్లీ చెప్పండి. 30 నుంచి 70 మధ్య ఉంటే తమకంటే వేరే జవాబు పెట్టిన పక్కవాళ్లను ఒప్పించమనండి, 2-3 నిమిషాలు, తర్వాత రెండో ఓటు. 70 దాటితే చిన్న వివరణతో ముందుకెళ్లండి. చర్చకు ముందు ఏది ఒప్పో మీ ముఖంలో కూడా తెలియకూడదు, తెలిసిపోతే చర్చ అక్కడే అయిపోతుంది. పీరియడ్‌కు ఇలాంటివి రెండు చాలు.

ఒక్క స్మార్ట్‌ఫోన్ ఉంటే ప్లికర్స్ యాప్ ఉంది. పిల్లల దగ్గర ముద్రించిన కార్డులు, కార్డును తిప్పి పట్టుకునే దిశే జవాబు, మీ ఫోన్ కెమెరా చదివేస్తుంది. ఒక్కో కార్డు గుర్తు ఒక్కో రకం కాబట్టి పక్కవాడికి ఏమీ తెలియదు.

ఏడాది మొత్తం మీద ఎంత మెరుగుపడ్డారో చూడాలంటే పాఠానికి ముందూ తర్వాతా అదే పరీక్ష పెట్టి లాభాన్ని లెక్క కట్టండి. తర్వాతి శాతంలోంచి ముందు శాతం తీసేసి, దాన్ని 100లోంచి ముందు శాతం తీయగా వచ్చినదానితో భాగించాలి. ముందు 32, తర్వాత 49 అయితే 17ను 68తో భాగిస్తే 0.25. రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సులు, 6,542 మంది విద్యార్థుల ఫలితాలను ఇలాగే పోల్చారు. ఉపన్యాసం మాత్రమే సాగిన తరగతుల్లో సగటు 0.23, పిల్లలు చర్చించి, చేసి, వెంటనే స్పందన అందుకున్న తరగతుల్లో 0.48. అందులో ప్రధానంగా వాడింది ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే, బలం, చలనం భావనల పరీక్ష, 1992లో వచ్చింది, ఇప్పుడున్న రూపంలో 30 ప్రశ్నలు. అలాంటి పరీక్ష దొరికితే పేపర్లు వెనక్కి తీసుకోండి, జవాబులు చర్చించకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ప్రశ్నలు బయటికి పోతే పిల్లలు జవాబులు బట్టీ పడతారు, తర్వాత ఆ పరీక్ష ఎవరికీ పనికిరాదు.

పీఎస్_హైస్కూలు

ఐదు బల్బుల ప్రశ్న పెట్టాక నిజం బల్బులతో చూపిస్తుంటే డి, ఇ రెండూ ఎ కంటే కొంచెం మసకగా ఉన్నాయి. "చూశారా సార్, పంచుకున్నాయి" అంటున్నారు. బి, సి కూడా సమానంగా లేవు. 1.5 వోల్టుల సెల్స్ రెండు, 2.5 వోల్టుల టార్చి బల్బులు.

శ్రేణి_సమాంతరం

సెల్స్ అంతర్నిరోధం వల్ల అది. 2.5 వోల్టులు, 0.3 ఆంపియర్ల బల్బు వేడెక్కాక సుమారు 8 ఓమ్‌లు. రెండు సెల్స్ అంతర్నిరోధం కలిపి 1 ఓమ్ అనుకుంటే, ఒక్క బల్బుకు 3 వోల్టుల్లో దాదాపు 2.67 వోల్టులు అందుతాయి. సమాంతరంగా రెండు పెడితే బల్బుల నిరోధం 4 ఓమ్‌లు, వాటికి అందేది 2.4. ఆ తేడా కంటికి తెలుస్తుంది. పాత జింక్-కార్బన్ సెల్స్‌లో ఇంకా ఎక్కువ.

కొత్త ఆల్కలైన్ సెల్స్, పెద్ద సైజువి వాడండి. ఇంకా మేలు కావాలంటే శ్రేణిలో రెండేసి సెల్స్ ఉన్న జతలు రెండింటిని సమాంతరంగా కట్టండి, అంతర్నిరోధం సగమవుతుంది, పై లెక్కలో 2.82, 2.67 వస్తాయి. బ్యాటరీ ధ్రువాల మధ్య వోల్టుమీటరు ఉంచి, రెండో బల్బు కలిపినప్పుడు ఎంత పడిపోయిందో పిల్లలకే చదవనివ్వండి. పంచుకోవడమే నిజమైతే ప్రవాహం సగమై వెలుగు బాగా పడిపోవాలి, అలా జరగలేదని వాళ్లకే కనపడుతుంది.

బి, సి తేడాకు కారణం బల్బుల తయారీ. ముందే ఒక్కోదాన్ని ఒకే సెల్స్‌తో వెలిగించి దగ్గరగా ఉన్నవి ఏరుకోండి. తరగతిలో రెండింటి స్థానాలు మార్చి చూపండి. ఎక్కువ వెలిగేది ఎక్కడికి పోతే వెలుగూ అక్కడికే పోతుంది. మొదటి బల్బు కరెంటును తినేస్తుందన్న వాదన ఆ మార్పిడితో నిలవదు. ఒక్క 1.5 వోల్టుల సెల్‌తో మాత్రం శ్రేణి వలయం చూపకండి, రెండూ వెలగనట్టే ఉంటాయి. బల్బుల బదులు ఎల్‌ఈడీలు వాడకండి, కనీస వోల్టేజి అందకపోతే అవి అసలు వెలగవు, ప్రవాహంతో పాటు వోల్టేజి బల్బుల్లో మారినట్టు మారదు, ఈ ప్రశ్నకు అవి కుదరవు.